అందాజు తప్పితే నష్టం ఎవరికి?

మా అబ్బా ఖసాయి. ఈ మాట రాయగానే తెలుగు పాఠకుడికి ఏం తడుతుందో నాకు తెలుసు. దయలేనివాడు, గుండె లేనివాడు. అరబ్బీలో ఖస్సాబ్ అంటే మాంసం కోసి అమ్ముకునేవాడు. అంతకు మించి ఏమీ లేదు. ఉర్దూలో ఖసాయి అయింది. తెలుగులోకి వచ్చి తిట్టయింది. మాటలు కూడా మనుషుల్లాగే ఊరు మారితే పరువు పోగొట్టుకుంటాయి. నేను చెప్పబోయేది ఇంకో రెండు మూడు మాటల కథ.

ప్రతి ఆదివారం అబ్బా అంగడికి పోయేవాడు. చిన్నప్పుడు నేనూ వెంట పోయేవాణ్ని. గొల్లలు మేకల్ని, గొర్రెల్ని కట్టేసుకుని కూచునేవాళ్లు. అబ్బా మేక వెన్ను మీద బొటనవేలు ఆనించి చూసేవాడు. తొడ పట్టి చూసేవాడు. రెండు చేతుల్తో పైకెత్తి దించేవాడు. "అందాజు పన్నెండు కిలోలు పడ్తది" అనేవాడు. "ఏంది సాయిబు మామా, పదమూడుకు తక్కువ పడ్తదా?" అనేవాడు గొల్లాయన. కాసేపు బేరం నడిచేది. చివరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చేవాళ్లు.

మర్నాడు దుకాణంలో తరాజు తేల్చేది. పన్నెండు పడితే బతుకు గడిచేది. పదకొండే పడితే ఆ తగ్గిన కిలో మా ఇంట్లోంచి పోయేది. ఆ రాత్రి అమ్మీ కూర వండేది కాదు. అబ్బా మేకని తిట్టలేదు, గొల్లాయన్ని తిట్టలేదు. "నా అందాజు తప్పింది" అనేవాడు. అంతే.

ఈ చిన్న మాటలో ఒక పెద్ద న్యాయం ఉందని నాకు చాలా ఏళ్లకి గానీ అర్థం కాలేదు. అందాజు వేసినవాడే దాని నష్టం మోస్తాడు. రుజువు లేకుండా ఒక మాట అనే హక్కు అతనికి ఉంది. ఎందుకంటే తప్పితే కట్టుకునేది అతనే.

అందాజు ఫారసీ మాట. అక్కడ 'అందాజా' అంటే కొలత. ఊహ కాదు, ఉత్తుత్తి మాట కాదు. కొలత, పరిమాణం, హద్దు. ఇదే మాట పాత రూపంలో అరబ్బీలోకి పోయి 'హందసా' అయిందని భాషాచరిత్ర రాసినవాళ్లు చెప్తారు. హందసా అంటే రేఖాగణితం. దాన్నుంచే 'ముహందిస్', అంటే ఇంజనీరు. ఉర్దూలో అంకెని 'హిందసా' అంటారు. ఇవన్నీ ఒక్క చెట్టు కొమ్మలే. కోటగోడ ఎంత మందం ఉండాలో, చెరువుకట్ట ఎంత ఎత్తు ఉండాలో లెక్కగట్టే మనిషి మాటా, మేకని ఎత్తి చూసే మా అబ్బా మాటా ఒక ఇంట్లోనే పుట్టాయి. మన దగ్గరికి వచ్చేసరికి ఆ మాట కొలతలోంచి జారి, కొలవకముందు చెప్పే మాటగా మిగిలింది. అయినా కొలతతో చుట్టరికం మాత్రం వదులుకోలేదు. అందాజు చెప్పినవాడు, రేపు తరాజు ఉందని ఎరిగే చెప్తాడు. తరాజు కూడా ఫారసీ మాటే.

ఇది అంగడి ముచ్చట మాత్రమే కాదు. రాజ్యాలు కూడా అందాజు మీదే నడిచాయి. అక్బరు కాలంలో పంట మీద శిస్తు కట్టే పద్ధతుల్లో ఒకటి 'కన్‌కూత్'. పైరు నిలబడి ఉండగానే చూసి, గింజ ఎంత రాలుతుందో చెప్పడం. అబుల్ ఫజల్ తన 'ఐనె అక్బరీ'లో ఈ పద్ధతిని వివరిస్తూ ఒక షరతు కూడా రాశాడు. అందాజు మీద సందేహం వస్తే పైరుని మంచి, మధ్యరకం, నాసి అని మూడు రకాలుగా కోసి చూసి తేల్చాలి. మన ఉత్తర సర్కారు జిల్లాల పాత రెవెన్యూ రాతల్లో అంచనాదార్లు కనిపిస్తారు. వాళ్ల పనీ అదే. పొలం గట్టు మీద నిలబడి పుట్ల లెక్క చెప్పడం. వాళ్లలో లంచగొండులు లేరని కాదు. రైతు నెత్తిన చెయ్యి పెట్టినవాళ్లు లేరని కాదు. కాని పద్ధతిలో ఒక తలుపు తెరిచి ఉంది. రైతు ఒప్పుకోకపోతే కళ్లం దాకా పోవచ్చు. కోసి, నూర్చి, కొలిచి చూపించవచ్చు. అందాజు ఆఖరి మాట కాదు. కళ్లం ఆఖరి మాట.

ఇప్పుడు రెండో మాటకి వస్తాను. అనుమానం.

ఇది సంస్కృతం మాట. దాని పుట్టుక చూస్తే అందాజు కంటే గొప్పది. న్యాయశాస్త్రంలో నిజాన్ని తెలుసుకునే దారులు నాలుగు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. అంటే అక్కడ అనుమానం ఒక ప్రమాణం. రుజువుకు ఎదురు మాట కాదు, రుజువే. కొండ మీద పొగ కనిపించింది. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందని వంటింట్లో చూసి ఎరుగుదుం. కాబట్టి కొండ మీద నిప్పు ఉంది. ఇదీ అనుమానం. ఈ శాస్త్రాన్ని పిల్లలకి చెప్పడానికి 'తర్కసంగ్రహం' రాసిన అన్నంభట్టు తెలుగువాడే. ఇవాళ్టికీ తర్కం మొదలుపెట్టే విద్యార్థి ముందు ఆ పుస్తకమే పట్టుకుంటాడు.

ఆ శాస్త్రం అనుమానానికి ఎన్ని కాపలాలు పెట్టిందో చూడండి. హేతువు ఉండాలి. హేతువుకీ సాధ్యానికీ విడదీయలేని సంబంధం, అంటే వ్యాప్తి, ఉండాలి. పొగ ఉంటే నిప్పు ఉందనొచ్చు. నిప్పు ఉంది కాబట్టి పొగ ఉందనకూడదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె కావాలి. పొద్దున్నే లేచిన మంచుని చూసి పొగ అనుకుంటే హేతువే లేనట్టు. హేతువులా కనబడి మోసం చేసేవాటికి హేత్వాభాసలని పేరు పెట్టి, ఐదు రకాలుగా విడదీసి, వాటిలో పడొద్దని హెచ్చరించారు.

అంత జాగ్రత్తగా పెంచిన మాట తెలుగు నోటికి వచ్చి ఏమయింది? అనుమానం అంటే ఎదుటివాడి మీద లోపల పెరిగే విషం. అనుమానం మొగుడు. అనుమానం పక్షి. 'నిప్పు లేనిదే పొగ రాదు' అన్న సామెత చూడండి. న్యాయశాస్త్రంలోని కొండే, పొగే, నిప్పే. కాని ఊళ్లో దాన్ని ఎప్పుడు వాడతారు? ఎవరి మీదో నింద పడ్డప్పుడు వాడతారు. నిందే పొగ. కాబట్టి తప్పు ఉండే ఉంటుంది. అది పొగో మంచో చూసేవాడు లేడు. ఒక్కోసారి ఆ పొగ పెట్టినవాడు పక్కనే నిలబడి సామెత చెప్తుంటాడు.

కాబట్టి, మాది తర్కం లేని దేశం కాదు. తర్కం మాట మిగిలి, తర్కం పోయిన దేశం.

ఇక మా ఇంటి మాట. అరబ్బీలో దీన్ని 'జన్' అంటారు. రుజువు లేకుండా మనసులో అనుకోవడం. ఉర్దూలో గుమాన్. ఖురాన్‌లో 49వ సూరా హుజురాత్. అందులో 12వ ఆయత్ విశ్వాసులకి చెప్పేది ఇది: అతిగా అనుమానించడం మానుకోండి, కొన్ని అనుమానాలు పాపం, ఒకరి గుట్టు ఒకరు వెతక్కండి, వెనకాల చెడు చెప్పుకోకండి. వరస గమనించండి. ముందు అనుమానం, తర్వాత నిఘా, తర్వాత నింద. పద్నాలుగు వందల ఏళ్ల కిందటి మాట. ఇవాళ్టి పోలీసు స్టేషనూ, పత్రికాఫీసూ, వీధి అరుగూ ఇదే వరసలో పనిచేస్తున్నాయి.

ఫిఖా పండితులు ఒక సూత్రం కట్టారు. షక్‌తో యఖీన్ పోదు. అనుమానం వచ్చినంత మాత్రాన నిశ్చయం చెడిపోదు. దీనికి మదర్సాలో పిల్లలకి చెప్పే ఉదాహరణ చాలా చిన్నది. వజూ చేసుకున్నావు. తర్వాత అది చెడిందేమోనని షక్ వచ్చింది. చెడిందని నిశ్చయంగా తెలిసేదాకా నీ వజూ ఉన్నట్టే. ఈ సూత్రమే పెద్దదై న్యాయంలోకి వచ్చింది. మనిషి నిర్దోషిగా మొదలవుతాడు. తప్పు రుజువయ్యేదాకా అలాగే ఉంటాడు. హద్దు శిక్షలు వేసేచోట సందేహం ఉంటే శిక్ష ఆపాలన్నారు.

ఇది చెప్పి మావాళ్లంతా దీన్ని పాటిస్తున్నారని చెప్తే అబద్ధమవుతుంది. దూదేకుల ఇంటి పిల్లవాడు మసీదుకొస్తే "నీకు కలిమా వచ్చా?" అని అడిగినవాళ్లు మావాళ్లే. ఉర్దూ రాని తెలుగు ముస్లింని సగం ముస్లింగా చూసినవాళ్లూ మావాళ్లే. ఆడపిల్ల ఆలస్యంగా ఇంటికొస్తే ఏ రుజువూ అడక్కుండా తీర్పు చెప్పే మగవాళ్లు మా గల్లీలోనూ ఉన్నారు. హుజురాత్ ఆయత్ ముందు మాకే వర్తిస్తుంది. ఇంట్లో అనుమానం పెంచుకుని బయట అనుమానం గురించి ఏడిస్తే వినేవాడు ఉండడు. అది ఒప్పుకునే ముందుకు పోతాను.

అనుమానానికి ప్రభుత్వ ముద్ర పడింది తెల్లవాళ్ల కాలంలో. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. ఒక మనిషి ఒక నేరం చేశాడని కాదు, ఒక తెగలో పుట్టాడు కాబట్టి నేరం చేస్తాడని. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవాళ్లని పట్టుకొచ్చి స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టారు. కాపలా, హాజరు, అనుమతి లేనిదే ఊరు దాటకూడదు. 1952లో ఆ చట్టం పోయింది. ఆ ఊరి పేరుకి అంటిన మచ్చ మాత్రం పోలేదు. ఇది ముస్లింల కథ కాదు. కాని మా కథకి ముందు అధ్యాయం. పుట్టుకని బట్టి అనుమానించడం అక్కడ చట్టమై కూచుంది. తర్వాత చట్టం పోయినా అలవాటు ఉండిపోయింది.

ఆ కాలం పోలీసులు పాత నేరగాళ్లని ఇంగ్లీషులో 'నోన్ డెప్రిడేటర్' అని రాసుకునేవాళ్లు. పొడి అక్షరాల్లో కే.డీ. ఆ కేడీయే మన తెలుగు కేడీ. ఇవాళ అల్లరి పిల్లవాణ్ని కూడా కేడీగాడని ముద్దుగా తిడతాం. పోలీసు పుస్తకంలోని రెండక్షరాలు వీధిలోకొచ్చి మాట అయ్యాయి.

కోర్టు మాటలు ఇంకా వింతగా ఉంటాయి. వకీలు, జామీను, ఖైదు, ఫిర్యాదు. ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చినవే. రుజువు కూడా అరబ్బీ 'రుజూ' నుంచే వచ్చిందని చెప్తారు. తిరిగి రావడం, హాజరవడం దాని అర్థం. మమ్మల్ని నిలబెట్టి అడిగే రుజువు అనే మాట మా వెంట వచ్చిన మాటే. అన్నిటికంటే నన్ను ఆపేసే మాట ముద్దాయి. అరబ్బీలో, ఉర్దూలో 'ముద్దయి' అంటే దావా వేసినవాడు, ఫిర్యాదు చేసినవాడు. ఎదుటి పక్షాన్ని 'ముద్దాలే' అంటారు. తెలుగులో ముద్దాయి ఎవరు? నేరం మోపబడినవాడు. నాకు అన్యాయం జరిగిందని కోర్టు మెట్లెక్కినవాడు, తెలుగులోకి వచ్చేసరికి బోనులో నిలబడ్డాడు. ఈ తారుమారు ఎలా జరిగిందో భాషావేత్తలు చెప్పాలి. కాని ముస్లింల గత డెబ్బై ఐదేళ్ల చరిత్రని ఒక్క మాటలో చెప్పమంటే నేను ఈ మాటే చెప్తాను.

1948 తీసుకోండి. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. అంతకుముందు రజాకార్లు చేసిన ఘోరాలు నిజం. తెలంగాణ పల్లెలు వాటిని మర్చిపోలేదు, మర్చిపోకూడదు కూడా. కాని ఆ తర్వాత ప్రతి గడ్డం వెనకా, ప్రతి టోపీ కిందా రజాకారు ఉన్నాడన్న అనుమానం పనిచేసింది. నేరం చేసినవాడు చాలామట్టుకు దాటిపోయాడు. దర్జీ, సున్నం కొట్టేవాడు, బండి తోలేవాడు దొరికాడు. మరాఠీ, కన్నడ జిల్లాల్లో, ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లలో, పరిస్థితి మరీ ఘోరం.

నెహ్రూ ప్రభుత్వం ముగ్గుర్ని పంపింది. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. వాళ్లు నవంబరు నెలాఖరు నుంచి డిసెంబరు 21 దాకా తిరిగారు. రాజ్యంలోని 16 జిల్లాల్లో 9 జిల్లాలు చూశారు. మొత్తం మీద తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాశారు. ఆ నివేదికని ప్రభుత్వం దశాబ్దాలపాటు బయట పెట్టలేదు.

27 వేల నుంచి 40 వేలు. ఇది అందాజు. వాళ్లని నేను తప్పుపట్టను. ఆ నెలలో, ఆ భయంలో, అంతకంటే ఏం చేయగలరు? పైరు చూసి పుట్లు చెప్పినట్టు చెప్పారు. కాని ఆ తర్వాత కళ్లం దాకా ఎవరూ పోలేదు. ఊరూరా పేర్లు రాసుకుని లెక్క తేల్చినవాడు లేడు. ఆ రెండు అంకెల మధ్య 13 వేల మంది ఉన్నారు. వాళ్లు చచ్చినట్టా, బతికినట్టా? ఒక జాతి చావుల్లో 13 వేల తేడా ఉన్నా ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

మా దాదీ తమ్ముడు ఆ ఏడాది పనికోసం గుల్బర్గా వైపు పోయాడు. తిరిగి రాలేదు. ఎవరూ శవం చూడలేదు, ఎవరూ కబురు చెప్పలేదు. దాదీ ప్రతి ఏడూ అందరి పేర్ల మీదా ఫాతిహా ఇప్పించేది. తమ్ముడి పేరు వచ్చేసరికి ఆగిపోయేది. చదివిస్తే చంపేసినట్టు. చదివించకపోతే చచ్చినవాడికి అన్యాయం చేసినట్టు. ఆమె పోయేదాకా అది తేలలేదు. ఆ 13 వేలల్లో ఒకడు మా ఇంటివాడు కావొచ్చు. ఇదీ నా అందాజే.

ఇప్పుడు 2007కి రండి. మే 18, శుక్రవారం. హైదరాబాదు మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. నమాజుకొచ్చినవాళ్లు చనిపోయారు. ఆ రోజే బయట పోలీసు కాల్పుల్లోనూ మనుషులు పోయారు. చచ్చింది ముస్లింలు, మసీదులో. ఆ తర్వాత పాతబస్తీ నుంచి పట్టుకుపోయింది కూడా ముస్లిం కుర్రాళ్లనే. ముద్దయి ముద్దాయి అవడమంటే ఇదే. నెలల తరబడి జైళ్లలో ఉన్నారు. తర్వాత రుజువుల్లేక కోర్టులు వాళ్లని వదిలేశాయి.

ఇక్కడ అన్నంభట్టుని పిలవండి. ప్రతిజ్ఞ: ఈ కుర్రాడు బాంబు పెట్టాడు. హేతువు: ఇతను ముస్లిం. వ్యాప్తి ఏది? ఎక్కడ ముస్లిం ఉంటే అక్కడ బాంబు ఉంటుందా? తర్కం చదివే చిన్నపిల్లాడు కూడా ఈ హేతువుని చెత్తబుట్టలో వేస్తాడు. సుప్రీంకోర్టు కూడా అనుమానం ఎంత బలంగా ఉన్నా రుజువు స్థానంలో నిలబడదని ఎన్నోసార్లు చెప్పింది. అయినా తలుపు తట్టడానికి, ఉద్యోగం పోవడానికి, చెల్లెలి సంబంధం తప్పిపోవడానికి ఆ హేతువు చాలింది.

తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. జాతీయ మైనారిటీ కమిషన్ సిఫారసు మీద అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. 2012 జనవరిలో 20 మందికి 3 లక్షల చొప్పున, మరో 50 మందికి 20 వేల చొప్పున చెక్కులు పంచారు. అనుమానం తప్పిందని ఒక ప్రభుత్వం డబ్బు కట్టడం మేం మొదటిసారి చూశాం. నా అందాజు తప్పింది అని మా అబ్బా అన్నట్టే అనిపించింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. కేసు కొట్టేసినంత మాత్రాన పరిహారానికి హక్కు రాదంది. చట్టం ప్రకారం అది సరైనదో కాదో వకీళ్లు వాదించుకోవాలి. నాకు తెలిసింది అంగడి లెక్క. ఆ లెక్కలో, తప్పిన అందాజుకి ఎవరో ఒకరు కట్టాలి. ఇక్కడ కట్టింది అనుమానించినవాడు కాదు. అనుమానించబడినవాడు, తన వయసుతో.

అదే కేసులో తర్వాత విచారణ ఎదుర్కొన్న హిందూ సంస్థలకి చెందిన ఐదుగుర్ని కూడా 2018 ఏప్రిల్‌లో కోర్టు నిర్దోషులుగా వదిలింది. మావాళ్లలో కొందరికి అది మింగుడు పడలేదు. నాకూ పడలేదు. కాని రుజువు లేనిదే శిక్ష వద్దని నా కోసం అడిగి, ఎదుటివాడి విషయంలో ఆ మాట మర్చిపోలేను. షక్‌తో యఖీన్ పోదన్న సూత్రానికి మతం లేదు. నా ఏడుపు వాళ్లు బయటపడ్డందుకు కాదు. మసీదు గచ్చు మీద చచ్చినవాళ్లని ఎవరు చంపారో ఇన్నేళ్ల తర్వాతా రుజువు కానందుకు.

2015 సెప్టెంబరు 28న ఉత్తరప్రదేశ్‌లో దాద్రీ దగ్గర బిసాడా గ్రామంలో మహమ్మద్ అఖ్లాక్‌ని కొట్టి చంపారు. ఇంట్లో ఆవు మాంసం ఉందన్న అనుమానం. చంపిన తర్వాత మాంసాన్ని పరీక్షకి పంపారు. మొదటి పరీక్ష ఒకటి చెప్పింది, రెండో పరీక్ష ఇంకొకటి చెప్పింది. ఖసాయి కొడుకుగా నేను దీన్ని మర్చిపోలేను. మా దుకాణంలో తరాజు ముందు ఉండేది, డబ్బు తర్వాత. అక్కడ చావు ముందు, తరాజు తర్వాత. ఆ తరాజు ఏం చెప్తే మాత్రం ఏం లాభం?

ఇంత పెద్ద సంగతులు కాకుండా, రోజువారీ అనుమానం ఒకటుంది. దానికి కేసు ఉండదు, కొట్టివేత ఉండదు. ఒకసారి నేను పట్నంలో ఇల్లు వెతుక్కున్నాను. ఇల్లుగలాయన నా తెలుగు విని సంతోషపడ్డాడు. కిరాయి కుదిరింది. చీటీ రాసేటప్పుడు పేరు అడిగాడు. చెప్పాను. ఆయన కలం ఆగింది. "మా తమ్ముణ్ని ఒక మాట అడగాలి" అన్నాడు. మంచి మనిషే. కోప్పడలేదు, తిట్టలేదు. నేను మెట్లు దిగుతుంటే ఆయన భార్య "పాపం, చూడ్డానికి మనవాళ్లలాగే ఉన్నాడు" అంది. ఆ 'లాగే' ఇంకా నా చెవిలో ఉంది.

ఇది నా ఒక్కడి అనుభవమని తోసెయ్యడానికి వీల్లేదు. 2006 నవంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన సచార్ కమిటీ నివేదికలో ఇళ్లు దొరకని సంగతీ ఉంది, అడుగడుగునా అనుమానపు చూపు సంగతీ ఉంది. కాని ఆ నివేదికని నేను ఇంకో కారణానికి గుర్తు చేసుకుంటాను. అంతకుముందు దేశమంతా ఒక అందాజు తిరుగుతుండేది. ముస్లింలని ప్రభుత్వాలు బుజ్జగిస్తున్నాయి, అన్నీ వాళ్లకే పెడుతున్నాయి. ఎవరూ రుజువు అడగలేదు. ఆ కమిటీ తరాజు తీసింది. 2001 లెక్కల ప్రకారం జనాభాలో ముస్లింలు 13.4 శాతం. ఐఏఎస్‌లో 3 శాతం. ఐపీఎస్‌లో 4 శాతం. విదేశాంగ సర్వీసులో 1.8 శాతం. దేశం మొత్తం మీద అక్షరాస్యత 65.1 శాతమైతే ముస్లింలలో 59.1 శాతం. బుజ్జగింపు అందాజు తరాజు మీద ఎంత తూగిందో అందరూ చూశారు. చూసి కూడా నమ్మనివాళ్లు ఉన్నారు. అది వేరే సంగతి. కాని కళ్లం దాకా పోవడమంటే ఇదే.

అందుకే నేను అడిగేది జాలి కాదు. నమ్మమని కూడా బతిమాలను. నమ్మకం ఇష్టముంటే ఇస్తారు, లేకపోతే లేదు. అడిగేది కొలత. మమ్మల్ని పట్టుకోవడానికి అనుమానం చాలుతోంది. మా చావులు లెక్కపెట్టడానికి అందాజు చాలుతోంది. రెండు చోట్లా తరాజు లేదు. అనుమానించండి, అది మనిషి స్వభావం. కాని అనుమానాన్ని అన్నంభట్టు కొండ దగ్గరికి తీసుకుపోండి. అది పొగో మంచో చూడండి. అందాజు వెయ్యండి, అది లేనిదే లోకం నడవదు. కాని రైతుకి కళ్లం తలుపు మూసెయ్యకండి. తప్పితే నష్టం ఎవరు మోయాలో ముందే చెప్పండి.

తూకంలో మోసం చేసేవాళ్లని హెచ్చరిస్తూ ఖురాన్‌లో ఒక సూరానే ఉంది. అబ్బా చదువుకున్నవాడు కాదు. కాని ఆ సూరా సంగతి ఆయనకి తెలుసు. పొద్దున్నే దుకాణం తెరవగానే ఖాళీ తరాజు పైకెత్తి చూసేవాడు. ముల్లు నడిమధ్యన ఆగేదాకా చూసేవాడు. ఆ తర్వాతే మొదటి గిరాకీ. "ముందు ఇది సరిగా ఉందా లేదా చూడాలె బేటా" అనేవాడు, "తర్వాత మాంసం సంగతి."